కాకులు గంట ఆగవు

ఈమధ్య నాకు ఫోన్లు చేసే పిల్లలంతా ఒకటే అడుగుతున్నారు. "రిమోట్ విమానం కొన్నాం మేడం, మూడు సెల్లుల లిథియం బ్యాటరీ ప్యాక్, ఏ ఛార్జర్ కొనమంటారు?" అని. ఒక పేరు చెప్పేస్తే వెంటనే తెప్పించుకుందామని వాళ్ళ తొందర. నేను పేరు చెప్పను. "అది ఛార్జి అవుతున్నంతసేపూ పక్కన ఎవరుంటారు? ఆ గంటా ఆ మనిషి ఏం చేస్తుంటాడు?" అని అడుగుతాను. ఈవిడకు మతి చెడిందనుకుంటారు కాబోలు. అనుకోనీండి. పాతికేళ్ళు రొయ్యల గుంటల దగ్గర కరెంటు పని చూసి, మోకాళ్ళు మొరాయిస్తే ముందే రిటైరై వచ్చినదాన్ని. నా గురించి ఇంతకన్నా గట్టి మాటలు విన్నాను, అందులో సగం నేను అనిపించుకున్నవే.

ఆ ప్రశ్న నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఒక మనిషి ఉద్యోగాన్ని ఊడిపోయే దాకా తెచ్చి నేర్చుకున్నాను. అది చెబుతాను. మీకు కావలసిన ఛార్జర్ సంగతి కూడా మధ్యలో వస్తుంది, ఓపిక పట్టండి.

గూడూరు నుంచి సముద్రం వైపు పోతే, తలుపు గొళ్ళేలు ఏడాదికోసారి తుప్పు పట్టి రాలిపోయే చోట మా ఫారం. ముప్పై ఆరు గుంటలు. గుంట గుంటకూ నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు, వాటికి మోటార్లు, కరెంటు పోతే జనరేటర్లు. ఇవన్నీ నా చేతి కింద. బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చదివిన ఆడమనిషి గట్టు మీద స్క్రూడ్రైవర్ పట్టుకుని తిరగడం మొదట్లో అందరికీ వింతగా ఉండేది. తర్వాత నా నోరు విన్నాక వింత పోయి భయం మిగిలింది. మా ఆఫీసులో నేను ఓడిపోయిన వాదన లేదు. గెలిచిన వాదనల్లో ఎన్నింటిలో నేను చెప్పింది నిజమో ఎవరూ లెక్క తీయలేదు గనక బతికిపోయాను.

రొయ్యలకు రోగాలకన్నా ముందు కాకులు శత్రువులు. పక్క గుంటలో తెల్లమచ్చ రోగంతో తేలిన రొయ్యను కాకి ముక్కున కరుచుకొచ్చి మన గుంటలో జారవిడిచిందంటే, మూడు నెలల పంట మూడు రోజుల్లో పోతుంది. గుంటల మీద తాళ్ళు కడతారు, టపాకాయలు పేలుస్తారు. కాకులు వారంలో వాటికి అలవాటు పడతాయి. అలవాటు పడనిది ఒక్కటే, మనిషి అరుపు. అందుకని గట్ల మీద అరిచేవాళ్ళను పెడతారు. నవ్వకండి, అది ఉద్యోగమే.

మా దక్షిణం గట్టు మీద అరిచే మనిషి పులికాట్ సరస్సు ఒడ్డు ఊరివాడు. తాతల నాటి నుంచీ పడవ మీద బతికిన ఇల్లు. నలభై దాటినవాడు, సన్నగా, నల్లగా, ఎప్పుడూ గాలి ఎటుందో చూస్తున్నట్టు మెడ కాస్త పక్కకు వంచి నడిచేవాడు. అతను అరిస్తే నా గదిలో ఫ్యాను చప్పుడు మీదుగా వినిపించేది. ఆ అరుపుకు కాకులే కాదు, మా మేనేజరు గారు కూడా ఒకసారి టీ ఒలకబోసుకున్నారు.

ఆ గొంతు పోయింది. గొంతులో గడ్డ లేచి, నెల్లూరు ఆసుపత్రిలో తీశారు. ప్రాణానికి భయం లేదు గానీ ఇక జన్మలో అరవకూడదన్నాడు డాక్టరు. తిరిగి పనిలోకి వచ్చేసరికి అతనికి మిగిలింది ఎండుటాకులు రాసుకున్నట్టుండే చిన్న గొంతు. ఎదురుగా నిలబడితేనే వినపడుతుంది.

మేనేజరు గారు చెడ్డవారు కారు. సంగం దగ్గర వరి పండించే ఇంటివారు. పంట మీదికి పక్షి వస్తే వారికి కడుపులో మంట. "మేడం, మీరే చెప్పండి. అరవలేని వాడ్ని కాపలాకి ఎట్ట పెట్టుకొనేది? మేత పనంతా కాంట్రాక్టుకు ఇచ్చేసినాం. యాడ సర్దేది వీడ్ని?" అన్నారు. నేను వాదనకు దిగాను. వారం రోజులు సాగింది. ఎనిమిదో రోజున మా యజమాని ఎక్కడో చూసొచ్చి రెండు విమానాలు పంపారు. నురుగులాంటి తేలికపాటి అట్టతో చేసిన గద్దలు. గోధుమరంగు రెక్కలు, ముక్కు దగ్గర చిన్న మోటారు, కింద నుంచి రిమోట్‌తో నడపాలి.

"సరే," అన్నారు మేనేజరు గారు. "ఈ పంట దాకా చూద్దాం. గద్దకు కాకులు ఆగితే వాడుంటాడు. ఆగకపోతే రొయ్యలు పట్టే రోజే వాడికి ఆఖరు. మళ్ళా నాతో వాదనకు రావద్దు."

అమ్మిన కొట్టు వాళ్ళ మనిషి రెండు రోజులుండి నేర్పి పోయాడు. మావాడు మూడుసార్లు గుంటలో కూల్చాడు. నాలుగోసారి లేచిన గద్ద మళ్ళీ కూలలేదు. సముద్రపు గాలి పక్క నుంచి కొడుతుంటే రెక్క వాల్చి, దాని మీదే జారుతూ తిప్పుతున్నాడు. నేర్పడానికి వచ్చినవాడు నోరు తెరిచి చూశాడు.

"ఎట్ట పట్టేసినావయ్యా ఇంత తొందరగా?" అన్నాను.

"తెరచాప తెలిసినోడికి రెక్క తెలీదా అక్కా?" అన్నాడు ఆ ఎండుటాకుల గొంతుతో. ఆపరేషన్ అయ్యాక అతను నవ్వడం అదే మొదలు.

కాకులు అదిరిపోయాయి. కానీ పన్నెండు నిమిషాలే. ఒక్క ప్యాక్‌తో గద్ద పన్నెండు నిమిషాలు ఎగురుతుంది. ప్యాకులు నాలుగు. నాలుగూ అయిపోయాక, విమానంతో పాటు వచ్చిన అగ్గిపెట్టెంత ఛార్జర్ ఒక్కో ప్యాక్ నింపడానికి మూడు గంటలు తీసుకునేది. కాకులు రెండు రోజుల్లో ఇది కనిపెట్టాయి. పొద్దున్నే వచ్చి కరెంటు తీగ మీద వరసగా కూర్చునేవి, పెళ్ళి భోజనాల్లో రెండో బంతి కోసం నిలబడ్డట్టు. నాలుగో ప్యాక్ దిగగానే గుంట మీద వాలేవి.

కాబట్టి మంచి ఛార్జర్ కొనాలి. ఇక్కడే నేను రంగంలోకి దిగాను.

మేనేజరు గారు ఆ అగ్గిపెట్టెలాంటివే ఇంకో మూడు కొందామన్నారు. కొట్టిపారేశాను. గట్టు మీది కరెంటు ఏరేటర్లు మొదలైనప్పుడల్లా సొమ్మసిల్లి లేస్తుంటుంది, దానికి తగిలిస్తే ఏ ఛార్జరూ ఆరు నెలలు ఉండదు, లారీ బ్యాటరీ మీద పనిచేసేదే కావాలన్నాను. ఈ మాట మాత్రం నిజం. ఇప్పటికీ అదే చెబుతాను. మీ ఇంట్లో కరెంటు నిలకడగా ఉందా లేదా అన్నది మొదట చూసుకోండి.

తర్వాత విమానాలు అమ్మిన మద్రాసు కొట్టు అతనికి ఫోన్ చేశాను. తమిళం యాసలో తెలుగు మాట్లాడే నెమ్మదస్తుడు. "నాలుగు నోళ్ళది ఉంది మేడం. నాలుగు ప్యాకులు ఒకేసారి పెట్టుకోవచ్చు. ఒక్కోటి రెండు ఆంపియర్లు. సెల్లు సెల్లుకూ విడిగా చూసి సమంగా నింపుతుంది. లారీ బ్యాటరీ మీద నడుస్తుంది. గంట పడుతుంది, అంతే," అన్నాడు.

"ఇంకా పెద్దది లేదా?"

"ఒంటి నోటిది ఉంది, ఆరు ఆంపియర్ల దాకా ఇస్తుంది. మీ ప్యాకుకు అంత వద్దు మేడం. ఒక గంట ఆగలేరా?"

"మీరు మద్రాసులో ఏసీ కింద కూర్చుని గంట ఆగమంటారు. ఇక్కడ కాకులు గంట ఆగవు," అన్నాను.

ఆ మాట నాకే భలే నచ్చింది. ఆ రోజంతా ఆఫీసులో నలుగురికి చెప్పాను. ఆరు ఆంపియర్లదే తెప్పించాను. అదీ సెల్లుల్ని సమం చేస్తుంది, తెర మీద ఒక్కో సెల్లు అంకె చూపిస్తుంది, వస్తువులో లోపం లేదు. దాన్ని అయిదు ఆంపియర్లకు పెట్టించాను. అరగంట కాకుండానే ప్యాక్ నిండిపోతుంది.

ఎందుకు పెట్టించానంటే, ప్యాక్ మీద పెద్దక్షరాల్లో ముప్పై అని ఉంది. అంటే దాని సామర్థ్యానికి ముప్పై రెట్లు వేగంగా లాగినా తట్టుకుంటుందని. అది ఇచ్చే వేగం. పుచ్చుకునే వేగం వెనకవైపు చీమ తలంత అక్షరాల్లో ఉంది. ఒక్క రెట్టు. మా ప్యాకుకు అది రెండు ఆంపియర్ల చిల్లర. అంత ధారాళంగా ఇచ్చేది పుచ్చుకోవడానికి మొహమాటపడుతుందని నాకు తోచలేదు. వెనక్కి తిప్పి చదవలేదు. డిగ్రీ ఉన్నవాళ్ళం వెనకవైపు చదవం.

షెడ్డు గోడకు ఒక కాగితం కూడా అంటించాను, నా చేతిరాతతో, ప్లాస్టిక్ తొడుగు వేయించి మరీ. 'ఛార్జింగ్‌లో ఉన్న ప్యాక్‌ను వదిలి పోరాదు. వేడిగా ఉన్న ప్యాక్‌ను ఛార్జింగ్‌లో పెట్టరాదు.' కింద సంతకం.

మూడు వారాలు రాజభోగం. గద్ద దిగడం, ప్యాక్ మారడం, గద్ద లేవడం. తీగ మీది కాకులు ఊరు మారాయి. మేనేజరు గారు నా బల్ల దగ్గరకొచ్చి, "వాడు పనికొచ్చేటట్టే ఉండాడు మేడం," అన్నారు. నేను మెడ నిక్కించుకుని తిరిగాను.

నాలుగో వారం గద్ద తొమ్మిది నిమిషాలకే దిగడం మొదలుపెట్టింది. తర్వాత ఏడు. ఒకరోజు మావాడు నా గది గుమ్మంలో నిలబడి, "విమానం పొట్టలో ప్యాకు పట్టడంలేదక్కా," అన్నాడు. వెళ్ళి చూస్తే ప్యాక్ పూరీలా పొంగి ఉంది. ఇంకొకటి తీశాను, అదీ అంతే. మిగతా రెండూ ఎక్కడ అంటే థర్మాకోల్ పెట్టె వైపు చూపించాడు. మూత తీశాను. రొయ్యల శాంపిళ్ళు పంపే ఐసు పెట్టె అది. ఐసు ముక్కల మధ్య, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, మజ్జిగ సీసా పక్కన పడుకుని ఉన్నాయి రెండు లిథియం ప్యాకులు.

నేనేమన్నానో రాయను. మేత ట్రేలు కడిగే ఆడవాళ్ళంతా పని ఆపి చేరారు. చలి పట్టిన ప్యాకులోకి కరెంటు తోస్తే అది లోపల్లోపల చచ్చిపోతుందని, తేమకు తీగలు తుప్పు పడతాయని, చిన్నపిల్లాడికి కూడా తెలుసని. ఏ చిన్నపిల్లాడికి తెలుసో నన్ను అడగకండి. "బుద్ధుందా నీకు? ఎవరు చెప్పినారు ఐసులో పెట్టమని?" అని ముగించాను.

అతను నేను ఊపిరి తీసుకునే దాకా ఆగాడు. గోడ మీద కాగితం వైపు చెయ్యి చూపాడు.

"వేడిగా ఉంటే పెట్టొద్దని మీరే రాసినారు గదక్కా. ఎగిరి దిగినాక అది కాలిపోతా ఉంటది. నీడలో పెడితే చల్లారేదానికి అరగంట. మీరేమో కాకులు ఆగవంటిరి. గుంటలోంచి తీసిన రొయ్యను ఏం చేస్తాం? ఐసులో పెడతాం. మా ఊళ్ళో చెడిపోకూడదనుకున్న దాన్నంతా ఐసులోనే పెడతాం. చల్లారిందాకా ఎంతసేపు ఆగాలో, ఎట్ట ఆగాలో మీరు రాయలా."

నేను గోడ దగ్గరకెళ్ళి నా రాత నేనే మళ్ళీ చదువుకున్నాను. ట్రేలు కడిగే ఒకామె వెనక నుంచి, "మేడం నోరు కూడా ఐసులో పెట్టినారా ఏందే, ఆగిపాయ!" అంది. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. భయపడుతున్నాడు. అప్పుడు నాకు తెలిసింది, ఆ పొంగిన రెండు ప్యాకులూ అతని కళ్ళకు ఊడిన ఉద్యోగమేనని.

గదిలోకి వచ్చి భూతద్దం పెట్టి ప్యాక్ వెనకవైపు చదివాను. మద్రాసుకు ఫోన్ చేశాను. అతను అంతా విని, దెప్పకుండా, "ఐసు తప్పే మేడం. కానీ మొదటి తప్పు ఐసు కాదు," అన్నాడు. ఆ మర్యాదకు ఒళ్ళు మండింది. తిట్టి ఉంటే వాదించేదాన్ని.

పొంగినవి రెండూ షెడ్డుకు దూరంగా, పొడి ఇసుక బకెట్లో పెట్టించాను. మేనేజరు గారికి "రెండు ప్యాకులు పాడయ్యాయి, కొత్తవి తెప్పించాలి" అని మాత్రం చెప్పాను. ఎందుకు పాడయ్యాయో చెప్పలేదు. చెప్పనక్కరలేదు కూడా. నా అరుపులు ఆఫీసు దాకా వినిపించాయి. ఐసులో పెట్టి తగలేశాడని ఫారమంతా అనుకుంది. నేను కాదనలేదు. రెండు రోజులు కాదనలేదు. ఈ కథలో నాకు సిగ్గనిపించేది ఛార్జర్ గురించి కాదు, ఆ రెండు రోజుల గురించి.

మూడో రోజు తెల్లవారేసరికి దక్షిణం గట్టు అవతల, పక్కవాళ్ళ ఫారంలో రొయ్యలు తేలాయి. తెల్లమచ్చే. వాళ్ళు పాపం బ్లీచింగ్ చల్లుతూ, చచ్చినవాటిని ఏరుతూ తలమునకలుగా ఉన్నారు. వాళ్ళ గట్టంతా నల్లగా కాకులు. అన్ని కాకుల్ని నేను ఒకచోట ఎప్పుడూ చూడలేదు. మధ్యలో మన గట్టు, ఇవతల మన పంట. ఇంకో పదిహేను రోజులకు పట్టాల్సింది. మేనేజరు గారు అప్పటికే ఫోన్లో ఉన్నారు. వల లాగేవాళ్ళు రావడానికి మూడు రోజులు పడుతుందట.

"మూడు రోజులు ఒక్క కాకి దాటకూడదు," అన్నారు ఫోన్ పెట్టేసి. "గద్ద దిగకుండా ఎగరాల. పొంగినవి కూడా పెట్టండి."

"పొంగినవి పెట్టను సార్."

"ఈ మూడు రోజులే మేడం!"

"మూడు నిమిషాలు కూడా పెట్టను. అది గాల్లో అంటుకుంటే పోయేది విమానం. ఛార్జింగ్‌లో అంటుకుంటే పోయేది ఆ పక్కన కూర్చున్న మనిషి."

ఆ పక్కన కూర్చునే మనిషి నా మోచేతి దగ్గరకొచ్చి, "పెట్టక్కా. ఈ పొద్దు ఎగరకపోతే నా పని ఎట్టా పోతాది. ఏమన్నా అయితే నేనే పడతా," అన్నాడు. చెయ్యి చాచి ఉన్నాడు.

"పడక ఏం చేస్తాడు? వాడు చేసిన పనికి," అన్నారు మేనేజరు గారు. "ఐసులో పెట్టి తగలేసినాడు. అక్కరకొచ్చే రోజుకు లేకుండా చేసినాడు. వీడ్ని ఆ రోజే..."

"వాడు కాదు, నేను," అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు. నేను ఇలాంటి వాక్యం అనడం వాళ్ళు ఎప్పుడూ విని ఉండలేదు. నాకూ కొత్తే.

"పుచ్చుకోగలిగిన దానికి రెండింతలకు పైగా నేను పెట్టించాను. వెనకవైపు చదవలేదు. వేడిగా పెట్టొద్దని రాశాను, ఎట్ట చల్లార్చాలో రాయలేదు, తొందరపెట్టాను. వాడు నేను రాసింది రాసినట్టు చేశాడు. కొట్టువాడు గంట పట్టేది కొనమన్నాడు, నేను ఎగతాళి చేశాను. తీసేయాలంటే నన్ను తీసేయండి."

మేనేజరు గారు కాకుల వైపు చూశారు. "అదంతా తర్వాత. బాగున్నవి రెండే గదా? సరిగ్గా నింపితే ఎంత సేపు?"

"ఒక్కోటి గంట. ఎగిరేది పన్నెండు నిమిషాలు. ఒకటి అయ్యాక ఒకటి పెట్టాలి."

"అంటే గంటలో ముప్పావు వంతు పైన ఆకాశం ఖాళీ. ఆ గంట ఎవరు ఆపుతారు కాకుల్ని?"

మిగతా ఇద్దరు అరిచేవాళ్ళూ వాళ్ళ గట్లు వదిలి రాలేరు. మేమిలా నిలబడి ఉండగానే మావాడు గట్టు అంచుకు నడిచాడు. కాళ్ళు ఎడం చేసి నిలబడి, ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు. పాత అలవాటు. అది ఏమిటో నాకు ఒక క్షణం ఆలస్యంగా తట్టింది. పరుగెత్తి చొక్కా పట్టి వెనక్కి లాగాను.

"చస్తావా ఏంది? డాక్టరు ఏం చెప్పినాడు?"

"మరి ఎవరు అరస్తారక్కా?"

ఇన్నేళ్ళుగా ఈ ఫారంలో నా నోరు గురించి ఎవరు ఏమనుకున్నారో నాకు తెలుసు. చీర కొంగు నడుముకు దోపుకుని గట్టెక్కాను.

"ఏయ్! సిగ్గులేదా మీకు? ఎవరి గుంట అనుకున్నారు? పొండి అవతలికి!" అని అరిచాను.

ఒక కాకి తల తిప్పి నన్ను చూసింది. ఇంకోటి నడుచుకుంటూ, మళ్ళీ చెబుతున్నాను, నడుచుకుంటూ మన గట్టెక్కింది. వెనక ట్రేలు కడిగే ఆడవాళ్ళు విరగబడి నవ్వుతున్నారు. మావాడు నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"మీరు వాటితో వాదిస్తుండారక్కా," అన్నాడు గుసగుసగా. "కాకికి మాటలెందుకు? మాట తీసేయండి, అరుపే ఉంచండి. గొంతుతో కాదు, కడుపులోంచి. గాలికి ఎదురుగా నిలబడొద్దు. గాలిని వీపుకు పెట్టుకోండి, అదే మోసకపోతాది."

తిరిగి నిలబడ్డాను. కడుపులోంచి వచ్చిన ఆ శబ్దం నాదని నాకే నమ్మకం కలగలేదు. గట్టంతా ఒక్కసారి నల్లగా లేచింది.

"అదీ," అన్నాడు. అతని కళ్ళు చెమ్మగిల్లాయి. ఎందుకో నేను అడగలేదు. తన గొంతు ఇంకొకరి నోట్లోంచి వింటే ఎలా ఉంటుందో నాకెలా తెలుస్తుంది?

అలా మూడు రోజులు. అతను పన్నెండు నిమిషాలు గద్దను తిప్పేవాడు. ప్యాక్ దింపి, నీడలో, గాలి తగిలేచోట పెట్టేవాడు. చల్లారిన రెండోది ఛార్జర్‌కు తగిలించేవాడు. రెండు ఆంపియర్లు, ఆ పైన ఒక్క చుక్క లేదు. అది నిండేదాకా నేను అరిచేదాన్ని. అతను ఛార్జర్ పక్కన కూర్చుని, తెర మీద మూడు సెల్లుల అంకెలూ చూస్తూ, మధ్యమధ్య చేత్తో నాకు సైగ చేసేవాడు, గాలి తిరిగింది, కాస్త ఎడమకు అని. రెండో రోజు మధ్యాహ్నానికి ట్రేలు కడిగే ఆవిడ వచ్చి నా పక్కన నిలబడింది. "ఇన్నేళ్ళు మేం ఊరకే పడినాం ఈ నోటికి. దీనికి జీతం వేరే ఇయ్యాల," అని తనూ ఒక అరుపు అరిచింది. నాకన్నా బాగా అరిచింది. అది మాత్రం నేను ఒప్పుకోను.

ఆ మూడు రోజుల్లో నాకో సంగతి తెలిసింది. గంట అంటే ఎంతో నాకు అప్పటిదాకా తెలియదు. ఫోన్లో 'గంట ఆగవు' అన్నప్పుడు అది ఒక అంకె. గట్టు మీద నిలబడితే అది కాళ్ళూ, గొంతూ, ఎండా. ఆ గంటను ఇన్నాళ్ళూ ఒక మనిషి మోశాడు. గొంతు పోయేదాకా మోశాడు. నేను దాన్ని అరగంట చేద్దామని చూశాను గానీ, ఆ అరగంటను ఎవరు మోస్తారని అడగలేదు.

మూడో రోజు సాయంత్రం వల లాగేవాళ్ళు దిగారు. రొయ్య కాస్త చిన్న సైజే, కానీ మచ్చ లేదు. మా అరుపుల వల్లే బతికిందా, రోగానికే మా వైపు రాబుద్ధి కాలేదా, నేను రుజువు చేయలేను. నేను ఎవరితోనైనా వాదిస్తాను గానీ వైరస్‌తో వాదించను.

మర్నాడు మేనేజరు గారు మా ఇద్దర్నీ గదికి పిలిచారు. నా గొంతు పూర్తిగా పోయింది. ఎండుటాకులు కూడా కాదు, ఉత్త గాలి వస్తోంది. అతను ఒక పక్క, నేనొక పక్క కూర్చున్నాం.

"సరే, ఇప్పుడు చెప్పండి మేడం, తప్పెవరిది?" అన్నారు మేనేజరు గారు.

"నాది," అన్నాను గుసగుసగా.

"నాది గూడా కొంచెం ఉండాది సార్," అన్నాడు అతను గుసగుసగా. "ఐసులో పెట్టేముందు ఒక మాట అడగాల్సింది."

"అడిగితే తిట్టేదాన్ని," అన్నాను.

"అందుకే అడగలా."

ఇద్దరం గుసగుసలాడుతుంటే మేనేజరు గారికి కూడా ఎందుకో గొంతు తగ్గిపోయింది. ముందుకు వంగి, దొంగతనం ప్లాను వేస్తున్నట్టు, "వాడు ఉంటాడు. అది అయిపోయింది. ఇప్పుడు ఛార్జర్ ఏది తెప్పించమంటారు?" అన్నారు.

"గంట పట్టేది," అన్నాను.

నాలుగు నోళ్ళది వచ్చింది, లారీ బ్యాటరీ మీద నడిచేది. ప్యాకులు ఎనిమిది అయ్యాయి. ఒకటి ఎగురుతుంటే కొన్ని చల్లారుతుంటాయి, కొన్ని నిండుతుంటాయి, ఎవరికీ తొందర లేదు. అతను వాటికి అంకెలు వేయనివ్వలేదు. వల మీద తేలే బెండ్లను గుర్తుపట్టడానికి కట్టినట్టు వలదారంతో ముళ్ళు వేశాడు, ఒక ముడి, రెండు ముళ్ళు, అలా ఎనిమిది దాకా. చూడకుండా వేళ్ళతోనే చెప్పేవాడు ఏది ఏదో. గోడ మీద పాత కాగితం చించేసి కొత్తది రాశాను. ఎంత వేగం, ఎందుకు, ఎంతసేపు, చల్లారిందని ఎలా తెలుస్తుంది, పొంగితే ఏం చేయాలి, అన్నీ. రాసింది అతనికి చదివి వినిపించి, అర్థం కాని చోటల్లా మళ్ళీ రాశాను. చివర తన మాట ఒకటి వేయమన్నాడు. వేశాను: 'ఐసు రొయ్యలకే.' కింద సంతకం నాది కాదు, అతనిది.

పిల్లలూ, ఛార్జర్ గురించి ఇంతే. ప్యాక్ వెనకవైపు చదవండి. సెల్లుల్ని సమం చేయనిదాన్ని ఇంట్లోకి రానివ్వకండి. వేగం చూసి మురిసిపోకండి. వేగం కావాలంటే ప్యాకులు ఎక్కువ కొనుక్కోండి. ఇక ఆ గంట ఎవరు మోస్తారో ముందు వెళ్ళి చూడండి. ఫోన్లో చూడటం కాదు, వెళ్ళి.

పోయిన నెల మోకాళ్ళకు కట్టు కట్టుకుని ఫారానికి వెళ్ళాను. నా బల్ల దగ్గర కొత్త అమ్మాయి కూర్చుంది, నెమ్మదిగా మాట్లాడుతుంది, ఎలా బతుకుతుందో. దక్షిణం గట్టు మీద గద్ద ఎగురుతోంది. రెక్కకు రెండు చోట్ల టేపు అంటించి ఉంది. అతను దాన్ని దింపి, ప్యాక్ తీసి మణికట్టుకు ఆనించి చూసుకుని, నీడలో పెట్టి, అప్పుడు నా దగ్గరకొచ్చాడు. జుట్టు కాస్త నెరిసింది. గొంతు అలాగే ఉంది.

"ఎట్టుండావయ్యా? కాకులు ఎట్టుండాయి?" అన్నాను.

తీగ మీద నాలుగు కాకులు కూర్చుని ఉన్నాయి. అతను వాటి వైపు చూసి, నా చెవి దగ్గరకు వంగి చెప్పాడు.

"మిమ్మల్నే అడుగుతుండాయక్కా."